ఓవెన్ కొన్నారా? ముందు గోడ వైపు చూడండి!

"ఏమే, ఎక్కడినుంచో నీచు వాసన వస్తోంది. ఎవరైనా చేపలు వండుతున్నారా?" అన్నారు మా అత్తయ్య హాల్లోంచి.

నేను వంటింట్లో ఉన్నాను. మర్నాడు పాప పుట్టినరోజు. ఈసారి కేకు బేకరీ నుంచి తెప్పించేది లేదు, నేనే చేస్తానని నలుగురిలో గొప్పగా చెప్పేశాను. ఓవెన్ కొని అప్పటికి పదిరోజులు. ఒకపక్క అది వేడెక్కుతోంది, లోపల ఫ్యాన్ బుర్రుమని తిరుగుతోంది. ఇంకోపక్క నేను మిక్సీలో పంచదార పొడి కొడుతున్నాను. ఆ హోరులో అత్తయ్య మాట సగమే వినపడింది.

"మేడమీది వాళ్ళయి ఉంటారులెండి" అన్నాను.

రెండు నిమిషాలాగి మళ్ళీ అన్నారావిడ. "ఇవాళ శనివారం కదే! శనివారంనాడు వాళ్ళు కోడిగుడ్డు కూడా ముట్టరు."

ఆ మాట అంటూనే వంటింటి దాకా వచ్చి గుమ్మంలో ఆగిపోయారు. ఆవిడ చూస్తున్న వైపు నేనూ చూశాను. గట్టు కింద ఎక్స్‌టెన్షన్ బాక్సు. తెల్లటి బాక్సు కాస్తా ఓవెన్ ప్లగ్గు పెట్టినచోట గోధుమరంగుకి తిరిగి, కొంచెం కుంగిపోయి, సన్నగా పొగ వదులుతోంది. దానికి జానెడు దూరంలో గ్యాసు సిలిండర్!

ఆ తర్వాత ఏం చేశానో వరసగా చెప్పలేను. వరండాలోకి పరుగెత్తి మెయిన్ ఆపేశానని మాత్రం తెలుసు. చేతులు వణుకుతుంటే కేకు పిండి గిన్నె పట్టుకుని అలాగే నేలమీద కూర్చుండిపోయాను. పుట్టినరోజుకి కేకు బేకరీ నుంచే వచ్చింది.

ఇందులో నేను సిగ్గుపడవలసిన సంగతి ఇంకొకటుంది. అది కూడా చెప్పేస్తాను. అంతకు నాలుగు రోజుల ముందు మా పనమ్మాయి నేల తుడిచి, ఆ తడిలోనే నిలబడి ఓవెన్ పైభాగం తుడుస్తూ గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. "జిల్లుమంటోందమ్మా" అంది. ఓవెన్ మీద నేను కూడా చెయ్యి పెట్టి చూశాను. ఏమీ అనిపించలేదు. "కొత్త వస్తువు కదా, భయపడుతున్నావు. నాకేం కాలేదే!" అని నవ్వేశాను. నాకెందుకవుతుంది? నా కాళ్ళకి రబ్బరు చెప్పులున్నాయి. ఆ అమ్మాయివి ఒట్టి కాళ్ళు.

ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు రెండుసార్లు చెప్పారు. డిగ్రీ చదివిన నేను రెండుసార్లూ వినిపించుకోలేదు.

గోడలో ఏముంది?

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. పెద్దాయన. కాలిపోయిన బాక్సుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఓవెన్‌కేం కాలేదమ్మా, బాగానే ఉంది. మీ గోడే దాన్ని మొయ్యలేకపోయింది" అన్నాడు.

ఆ తర్వాత ఆయన చెప్పిన లెక్క ఓవెన్ కొనే ప్రతి ఇల్లాలికీ తెలియాలి. కష్టమేం కాదు, భాగహారం వస్తే చాలు. ఓవెన్ వెనకాల ఒక చిన్న రేకు మీద ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. దాన్ని 230తో భాగించండి. 230 అంటే మన ఇళ్ళకొచ్చే కరెంటు వోల్టేజి. వచ్చిన జవాబే ఆంపియర్లు. మా ఓవెన్ 1600 వాట్లు. అంటే దాదాపు 7 ఆంపియర్లు. టీవీకి, సెల్‌ఫోన్ చార్జర్‌కి, టేబుల్ ఫ్యాన్‌కి వాడే మామూలు ప్లగ్ పాయింటు 6 ఆంపియర్లకే తయారైంది. నేను ఓవెన్ పెట్టిన బాక్సు ఆ మామూలు పాయింటుకే తగిలించి ఉంది. అదే బాక్సులో మిక్సీ కూడా! ఇంక అది కాలక ఏమవుతుంది?

"మరి ప్లగ్గు అందులో పట్టిందిగా?" అన్నాను.

పట్టలేదు. అసలు కథ అక్కడే ఉంది. ఓవెన్‌తో వచ్చినది లావు పిన్నుల పెద్ద ప్లగ్గు, 16 ఆంపియర్లది. గీజరుకి, ఏసీకి ఉంటుందే, అలాంటిది. అది మామూలు పాయింటులో పట్టకూడదనే దాన్ని అంత లావుగా చేశారు. కొన్న షాపులో కుర్రాడు "మీ వంటింట్లో పవర్ పాయింట్ లేదా? ఏం పరవాలేదు మేడమ్, ఈ కన్వర్టర్ తగిలించుకోండి" అని ఒక చిన్న ముక్క చేతిలో పెట్టాడు. ఒక పక్క పెద్ద రంధ్రాలు, ఇంకో పక్క చిన్న పిన్నులు. వద్దని ఆపే తాళాన్ని మారుతాళంతో తీసినట్టు! కన్వర్టర్ ముక్కతో ఓవెన్ గానీ, గీజరు గానీ, ఇస్త్రీ పెట్టె గానీ వాడుతున్నవాళ్ళుంటే ఈ పేపరు పక్కన పెట్టి ముందు దాన్ని పీకేసి రండి.

నీచు వాసన సంగతి కూడా ఆయనే చెప్పాడు. ప్లగ్గులు, స్విచ్చులు తయారుచేసే ఒక రకం గట్టి ప్లాస్టిక్ విపరీతంగా వేడెక్కినప్పుడు సరిగ్గా చేపల వాసన వస్తుందట. మంట ఇంకా లేవకముందే వచ్చే వాసన అది. కాబట్టి మీ ఇంట్లో చేపలు లేకుండా చేపల వాసన వస్తే పక్కింటివాళ్ళని అనుమానించకండి. మీ స్విచ్ బోర్డులు చూసుకోండి.

ఇక పనమ్మాయి "జిల్లు" మాట. ఆయన టెస్ట్ ల్యాంపు తెచ్చి వంటింట్లో పాయింట్లన్నీ చూశాడు. మూడు పిన్నుల ప్లగ్గులో పైన ఉండే లావుపాటి పిన్ను ఎర్తుది. మిగతా రెండింటికంటే పొడుగ్గా ఉంటుంది చూడండి. పెట్టేటప్పుడు అది ముందు తగలాలి, తీసేటప్పుడు చివర వదలాలి, అందుకని. ఓవెన్ ఒళ్ళంతా ఇనుప రేకు. లోపల ఎక్కడైనా వైరు తేడా చేసి ఆ రేకులోకి కరెంటు వస్తే, అది మన ఒంట్లోంచి కాకుండా ఎర్తు తీగలోంచి భూమిలోకి పోవాలి. మా వంటింట్లో ఆ రంధ్రం ఉంది గానీ దాని వెనక తీగే లేదు! గోడకి కళ్ళు గీసినట్టు మూడు రంధ్రాలు, అంతే. పాత ఇళ్ళలో ఇది చాలా మామూలేనమ్మా అన్నాడాయన.

మాది అద్దె ఇల్లు. ఎర్తింగ్ వేయించాలంటే ఇంటివాళ్ళని అడగాలి. "పాతికేళ్ళుగా ఉంటున్నాం, మాకేం కాలేదే" అన్నారావిడ. నేను పనమ్మాయితో అన్న మాటే! ఆ మాట నాకు తిరిగొచ్చి తగిలింది. కోపం తెచ్చుకోకుండా, కాలిన బాక్సు తీసుకెళ్ళి ఆవిడ బల్లమీద పెట్టాను. సగం ఖర్చు వాళ్ళది, సగం మాది అనుకున్నాం. వంటింట్లోకి విడిగా లావు తీగ లాగి 16 ఆంపియర్ల పాయింటు పెట్టించాం. ఈ పాయింటుకి రాగి తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లకి తగ్గకూడదు, 4 అయితే మరీ మంచిది. తీగలు, ప్లగ్గులు, స్విచ్చులు కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు చూసుకోండి.

మీటరు దగ్గర ఇంకొక వస్తువు కూడా పెట్టించాం. ఆర్.సి.సి.బి. అంటారు. ఎం.సి.బి. ఉంది కదా అనుకోకండి, దాని పని వేరు. ఎం.సి.బి. తీగల్ని కాపాడుతుంది. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. వెళ్ళిన కరెంటంతా తిరిగి రాకుండా ఎక్కడైనా దారి తప్పుతుంటే, రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. ఇళ్ళకి 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించాలి. దానిమీద 'టెస్ట్' అని చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడండి, టక్కున పడిపోవాలి. పడకపోతే అది అలంకారానికే ఉన్నట్టు లెక్క.

అన్నట్టు, ఓవెన్‌ని ఇన్వర్టర్ మీద నడపాలని చూడకండి. ఇళ్ళలో ఉండే మామూలు ఇన్వర్టర్ ఆ బరువు మొయ్యలేదు. కేకు మధ్యలో కరెంటు పోతే తలుపు తీయకుండా దేవుణ్ణి తలుచుకోవడమే.

మొదటిరోజు ముహూర్తం

గోడ బాగుపడ్డాక ఓవెన్‌కి మంచి చోటు వెతికాం. చదునైన రాతి గట్టు మీద, చుట్టూ కనీసం నాలుగైదు అంగుళాలు ఖాళీ ఉండేలా. మీ ఓవెన్ పుస్తకంలో ఇంకా ఎక్కువ వదలమని ఉంటే అంతా వదలండి. పైన చెక్క అలమరా, పక్కన కిటికీ తెర, వెనక గ్యాసు గొట్టం ఉండకూడదు. ఓవెన్ నెత్తిమీద గిన్నెలు, పేపర్లు పేర్చే అలవాటు కూడా వద్దు.

మొదటిసారి వాడేముందు లోపలి అట్టలు, ప్లాస్టిక్ కవర్లు అన్నీ తీసేసి, ట్రేలు కడిగి, కిటికీలు తెరిచి, ఖాళీగానే ఒక పావుగంట వేడి చెయ్యాలి. రాడ్లమీద ఫ్యాక్టరీలో పూసిన నూనెలాంటిది కాలి కొంచెం పొగ, వాసన వస్తాయి. అది ఆ ఒక్కసారికే. మళ్ళీ మళ్ళీ వస్తే మాత్రం షాపువాళ్ళని పిలవాల్సిందే.

ఒక ముఖ్యమైన మాట. నేను చెప్తున్నది రాడ్లు, ఫ్యాన్ ఉన్న కరెంటు ఓవెన్ గురించి. ఓటీజీలలో ఫ్యాన్ ఉన్నవాటిని కన్వెక్షన్ అని అమ్ముతారు. మైక్రోవేవ్ వేరు. మైక్రోవేవ్‌లో పనికిరాని స్టీలు, అల్యూమినియం గిన్నెలు ఇందులో హాయిగా పెట్టుకోవచ్చు. మైక్రోవేవ్‌లో పెట్టే ప్లాస్టిక్ డబ్బాలు మాత్రం ఇందులో పెడితే కరిగి ముద్దవుతాయి. రెండూ కలిసి ఉన్న రకాలూ ఉన్నాయి. వాటికి ఏ గిన్నె ఎప్పుడు పెట్టాలో వాటి పుస్తకం చూసే పెట్టండి.

ఫ్యాన్ చేసే పని

వేసవిలో ఒంటికి చెమట పట్టినప్పుడు గాలి విసిరితే చల్లబడతాం కదా. ఓవెన్‌లో అదే తిరగబడి జరుగుతుంది. చల్లటి పిండి చుట్టూ చల్లటి గాలి పొర ఒకటి అంటిపెట్టుకుని ఉంటుంది. ఫ్యాన్ ఆ పొరని చెదరగొట్టి వేడిగాలిని నేరుగా పిండికి తగిలిస్తుంది. మూలమూలలకీ వేడి సమంగా వెళుతుంది. అందుకే ఫ్యాన్ ఓవెన్‌లో తక్కువ వేడి చాలు. పుస్తకంలో మామూలు ఓవెన్‌కి 180 డిగ్రీలు అని ఉంటే, మనం 160 పెట్టుకోవాలి. ఎప్పుడూ ఓ ఇరవై డిగ్రీలు తగ్గించడమే లెక్క. వంట రాసినవాళ్ళే 'ఫ్యాన్ ఓవెన్‌కి' అని రాస్తే మళ్ళీ తగ్గించకండి.

ఈ డిగ్రీల దగ్గర నేను చేసిన ఘనకార్యం వినండి. అమెరికాలో ఉండే మా వదిన ఒక కేకు తయారీ రాసి పంపింది. "350లో పెట్టు" అని. మా ఓవెన్ గుండీ 250 దాటి తిరగదు. సరే, ఉన్నదాంట్లో ఎక్కువ పెడదామని 250కి తిప్పేశాను. పదిహేను నిమిషాలకి పైన బొగ్గు, లోపల జావ! ఫోన్ చేస్తే వదిన పడీపడీ నవ్వింది. వాళ్ళవి ఫారన్‌హీట్ డిగ్రీలు, మనవి సెల్సియస్. వాళ్ళ 350 మన 177కి సమానం. అంటే మనం పెట్టాల్సింది 160. వాళ్ళ 375 అయితే మన 190, ఫ్యాన్‌కి 170. అమెరికా వంటలు చూసి చేసేవాళ్ళు ఈ రెండంకెలూ ఓవెన్ పక్కన గోడమీద రాసుకోండి.

గుండీ మీద అంకెని పూర్తిగా నమ్మకూడదని కూడా తర్వాత తెలిసింది. ఓవెన్‌లో పెట్టే చిన్న థర్మామీటరు దొరుకుతుంది. అది పెట్టి చూస్తే మాది 160 అన్నప్పుడు లోపల 175 ఉంటోంది. మీది ఎలా ఉందో రెండు మూడుసార్లు చూసుకుంటే చాలు, దాని గుణం తెలిసిపోతుంది. మా ఊళ్ళో ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజి పడిపోతుంది. 230 ఉండాల్సింది 200కి పడితే ఓవెన్ వేడి పుట్టించే శక్తి నాలుగో వంతు తగ్గిపోతుంది. పొద్దున ముప్పై అయిదు నిమిషాల్లో అయిన కేకు సాయంత్రం యాభై తీసుకుంటే తప్పు మీ చేతిది కాదు.

ముందే పది నిమిషాలు వేడెక్కనిచ్చి తర్వాతే పిండి పెట్టాలి. గిన్నెకీ గోడకీ మధ్య గాలి తిరగడానికి రెండంగుళాలు వదలాలి. రాక్ మీద అల్యూమినియం ఫాయిల్ పూర్తిగా పరిచేస్తే ఫ్యాన్ ఉండీ లేనట్టే. తలుపు తీసి తీసి చూడొద్దు. తీసిన ప్రతిసారీ వేడంతా పోతుంది, పొంగుతున్న కేకు మధ్యలో గుంటపడుతుంది. కనీసం మూడొంతుల టైమయ్యే దాకా అద్దంలోంచే చూడండి.

బటర్ పేపర్ విషయంలో జాగ్రత్త. ఖాళీ ట్రేలో పేపరు పరిచి ముందుగా వేడి చేశారనుకోండి, ఫ్యాన్ గాలికి అది లేచి ఎర్రగా కాలుతున్న రాడ్డుకి తగులుతుంది. క్షణంలో మంట! పేపర్ మీద ఎప్పుడూ బరువు ఉండాలి, అంచులు ట్రే దాటకూడదు. అలాగే బజార్లో బటర్ పేపర్ పేరుతో మైనం పూసిన కాగితం కూడా అమ్ముతారు. అది పొగ వేస్తుంది. ఓవెన్‌లో వాడవచ్చని ప్యాకెట్ మీద ఉన్నదే కొనండి. న్యూస్ పేపరు అసలే వద్దు. ఈ పేజీ అయినా సరే!

చేసి చూసినవి

నాకు ఎప్పుడూ తప్పని కేకు ఒకటి చెప్తాను. కోడిగుడ్డు లేదు కాబట్టి అత్తయ్య కూడా తింటారు. ఒక కప్పు గట్టి పెరుగు, ఒక కప్పు పంచదార కరిగేదాకా గిలకొట్టాలి. అందులో ఒకటింబావు చెంచా బేకింగ్ పౌడరు, అరచెంచా తినేసోడా వేసి అయిదు నిమిషాలు వదిలేస్తే బుడగలు వస్తాయి. అరకప్పు వాసన లేని నూనె, కొంచెం వెనిల్లా ఎసెన్స్ పోసి, ఒకటిన్నర కప్పుల మైదా జల్లించి కొంచెం కొంచెంగా కలపాలి. చెంచా అంటే టీ చెంచా, గుండుగా కాదు, తలకొట్టి. నూనె రాసి మైదా చల్లిన ఏడెనిమిది అంగుళాల గిన్నెలో పోసి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 160 దగ్గర 35 నుంచి 40 నిమిషాలు. సన్నటి పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి. పైన ముందే రంగొచ్చేస్తే ఫాయిల్ వదులుగా కప్పండి, అది రాడ్లకి తగలకుండా చూసుకోండి.

కేకు ఎన్నాళ్ళు తింటాం? నా దృష్టిలో ఓవెన్‌కి అసలు ఉపయోగం పల్లీలు. అరకిలో పల్లీలు పొయ్యి దగ్గర నిలబడి వేయించాలంటే చెయ్యి పడిపోతుంది, చివర్లో ఒక గుప్పెడు మాడుతుంది. ట్రేలో ఒకే వరసగా పరిచి 160లో పదిహేను, ఇరవై నిమిషాలు, మధ్యలో రెండుసార్లు కదిపితే అన్నీ ఒకే రంగు. వేడిమీద మెత్తగానే ఉంటాయి, చల్లారాకే కరకరలాడతాయి. మెత్తగా ఉన్నాయని మళ్ళీ పెట్టారో, మాడతాయి. కేకు తీసిన వెంటనే ఆ వేడిలోనే పల్లీలు పెట్టేస్తే కరెంటు కలిసొస్తుంది. 1600 వాట్ల ఓవెన్ గంటసేపు ఆగకుండా కాలితే 1.6 యూనిట్లు. వేడి సరిపోగానే థర్మోస్టాట్ ఆపుతూ ఉంటుంది కాబట్టి నిజంగా అయ్యేది అంతకంటే తక్కువే.

పచ్చడి వంకాయకి నాలుగైదు చోట్ల ఫోర్కుతో పొడిచి, నూనె రాసి, 200లో నలభై నిమిషాలు. మధ్యలో ఒకసారి తిప్పాలి. పొడవకుండా పెడితే లోపలి ఆవిరికి పేలుతుంది, ఆ తర్వాత ఓవెన్ కడుక్కోవడం ఒక పూట పని. కాయ చక్కగా మగ్గుతుంది గానీ, నిజం చెప్పాలంటే నిప్పులమీది వాసన రాదు. "ఉడికిన వంకాయలా ఉందే" అన్నారు అత్తయ్య. నేనూ ఒప్పుకున్నాను. ఇక ఓవెన్‌లో మిరపకాయ బజ్జీలు నూనె లేకుండా చేసుకోవచ్చని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. అవి మిరపకాయ రొట్టెలు.

చెయ్యి కాలితే... లోపల అంటుకుంటే...

మా అత్తయ్య ఒకసారి చీమలు పట్టకుండా ఉంటాయని జంతికల ప్లాస్టిక్ డబ్బా ఓవెన్‌లో దాచారు. నేను చూడకుండా వేడి పెట్టాను. జంతికలు పోతే పోయాయి, ఆ ప్లాస్టిక్ గీకడానికి రెండురోజులు పట్టింది. అప్పటినుంచీ మా ఇంట్లో ఓవెన్ అలమరా కాదు. స్విచ్ వెయ్యబోయే ముందు తలుపు తీసి లోపల చూసి తీరాలి. బొద్దింకలు కూడా వెచ్చటి చోటు వెతుక్కుంటాయి మరి.

వేడి ట్రే తీయడానికి చీర కొంగు, తడిగుడ్డ వాడేవాళ్ళున్నారు. తడిగుడ్డలోంచి వేడి చాలా త్వరగా చేతికి పాకుతుంది, ఆవిరై కాలుస్తుంది. మందపాటి పొడి తొడుగులు మోచేతి దాకా ఉన్నవి కొనుక్కోండి. ఎందుకంటే కాలేది వేళ్ళు కాదు, పై రాక్ అంచు తగిలి ముంజేయి! నాకు రెండంగుళాల మచ్చ సాక్ష్యం ఉంది. నైలాన్ నైటీతో వద్దు, కొంగు బిగించి దోపుకోండి. ఓవెన్ తలుపు అద్దం కూడా కాలుతుంది. పాకే పిల్లలున్న ఇంట్లో వాళ్ళకి అందని ఎత్తులో పెట్టండి. గాజు గిన్నె అయితే ఓవెన్‌కి పనికొచ్చే బోరోసిలికేట్ గాజే వాడండి. అదైనా సరే, వేడిమీద తడి గట్టుమీద పెడితే పగలవచ్చు. చెక్కమీదో మందపాటి పొడిగుడ్డమీదో దించండి.

కాలితే వెంటనే గాజులు, ఉంగరాలు తీసేసి కుళాయి నీళ్ళ ధార కింద ఇరవై నిమిషాలు పెట్టాలి. ఇరవై నిమిషాలంటే గడియారం చూసి. ఐసు వద్దు, టూత్‌పేస్టు వద్దు, పసుపు, వెన్న, ఇంకు ఏవీ వద్దు. పొక్కులు చిదమకుండా శుభ్రమైన బట్ట వదులుగా కప్పండి. అరచేతికంటే పెద్దగా కాలినా, మొహమో వేళ్ళో కాలినా, చిన్నపిల్లలైనా డాక్టరు దగ్గరికే.

ఓవెన్ లోపల ఏదైనా అంటుకుంటే మన చెయ్యి ఆత్రంగా తలుపు మీదికే పోతుంది. తీయకండి! గాలి తగిలితే మంట బయటికి వస్తుంది. గోడ దగ్గర స్విచ్ ఆపి, తలుపు మూసే ఉంచితే లోపల గాలి చాలక చాలావరకు అదే ఆరిపోతుంది. నీళ్ళు చల్లొద్దు. ప్లగ్గు దగ్గరే పొగ వస్తుంటే దాన్ని ముట్టుకోకుండా మెయిన్ ఆపాలి. మెయిన్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ఆ రోజు అత్తయ్య ఒక్కరే ఉండి ఉంటే ఆవిడకి తెలియదు, నేనెప్పుడూ చూపించలేదు. మంట బయటికి వస్తే అందరూ బయటికి వచ్చేసి 101కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యండి.

ఓవెన్ వేసి బజారుకి వెళ్ళడం, స్నానానికి వెళ్ళడం చెయ్యను. వంటింట్లోనే స్టూలు వేసుకుని కూర్చుంటాను. పొయ్యి దగ్గరయితే కలుపుతూ ఉండాలి, ఇక్కడ చేతులు ఖాళీ. ఆ నలభై నిమిషాలు ఎవరూ నన్ను పిలవరు, "ఓవెన్ దగ్గరుంది" అనుకుంటారు. నా కథలు రెండు అక్కడే పుట్టాయి.

కడగడం వాడిన మర్నాడు పెట్టుకోవచ్చు గానీ, వారం ఆపితే జిడ్డు గట్టిపడి తర్వాత పొగ వేస్తుంది. ప్లగ్గు పీకి, పూర్తిగా చల్లారాక, తినేసోడా నీళ్ళతో ముద్దలా కలిపి జిడ్డున్నచోట పూసి ఓ గంటాగి తడిగుడ్డతో తుడవాలి. రాడ్లకి, ఫ్యాన్‌కి ఏదీ పూయకూడదు. నీళ్ళు పొయ్యకూడదు. లోపల తడి ఆరాకే మళ్ళీ ప్లగ్గు పెట్టాలి.

మా ఇంట్లో ఓవెన్ పైభాగం తుడిచేది ఇప్పటికీ పనమ్మాయే. కాకపోతే పద్ధతి మారింది. గుడ్డ తీసుకుని వచ్చి, ఓవెన్ వైపు కాదు, గోడ వైపు చూస్తుంది. "ప్లగ్గు తీశారా అమ్మా?" అంటుంది. స్విచ్ ఆపానంటే ఒప్పుకోదు. పీకి చేతిలో పట్టుకుని చూపించాలి. నేను చూపించాక, కాళ్ళకి నేను తెచ్చిపెట్టిన రబ్బరు చెప్పులు తొడుక్కుని, అప్పుడు గుడ్డ పిండుతుంది.